కోడలి వేలికి బీమా

వల్లూరు ఈరయ్య మా కొట్టు మెట్లెక్కుతున్నాడంటే నేను ముందు ఫ్యాను స్పీడు పెంచుతాను. ఆయన కోసం కాదు, నా కోసం. పావగడ బజారులో మా ఆయన సదానంద మోటార్లు, పైపులు అమ్మే కొట్టులో ఓ మూల బల్ల వేసుకుని పద్దెనిమిదేళ్ళుగా ఇన్సూరెన్సు ఏజెంటుగా ఉన్నాను. బండికి, గొర్రెకు, ఇంటికి, ఒంటికి, ఎవరికి ఏది కావాలంటే అది. ఏజెంటును చూస్తే జనం పక్క సందులోకి తప్పుకుంటారని లోకంలో ఒక మాటుంది. ఈరయ్య వస్తే తప్పుకోవడానికి సందు వెతుక్కునేది నేను.

ఈ బీమా జబ్బు ఆయనకు అంటించింది కూడా నేనేలెండి. నాలుగేళ్ళ క్రితం వెంటబడి, బతిమాలి ఆయన గొర్రెలకు బీమా చేయించాను. పశువుల డాక్టరు ఒక్కో గొర్రె చెవికి పసుపుపచ్చ బిళ్ళ వేశాడు. గొర్రె మొహమూ, బిళ్ళ మీది నంబరూ రెండూ కనపడేటట్టు ఫోటోలు తీశాం. ఎదురుగా ఒకటి, ఎడమ నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి. ఊరంతా నవ్వింది. ఆరు నెలలకు పిడుగుపడి రెండు గొర్రెలు చచ్చాయి. మరునాడు ఈరయ్య వాటి చెవులు బిళ్ళలతో సహా కోసి, గుడ్డలో మూటగట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఆ రోజు మా ఆయన అన్నం ముట్టలేదు. నష్టపరిహారం మాత్రం నెల తిరక్కుండా వచ్చింది.

అంతే. ఆ రోజు నుంచి ఈరయ్యకు దేవుడి మీద భక్తి కాస్త తగ్గి బిళ్ళ మీద పెరిగింది. మోటారు సైకిలుకు చేయించాడు. ఇంటికి చేయించాడు. మిక్సీకి ఉంటుందా అని అడిగాడు. కోళ్ళకు ఎందుకు లేదని నాతో ఒక పూటంతా పోట్లాడాడు. దానికి తోడు ఉద్యోగం సోలార్ పార్కులో. గేటు దగ్గర స్టూలు, నోట్లో విజిలు, నీలం చొక్కా. లోపల కనుచూపు మేర ఎండను కరెంటు చేసే పలకలు. ఎవరు పలకరించినా అదే పాట.

"కంపెనీవాళ్ళు ఒక్కొక్క పలకకూ ఇన్సూరెన్సు కట్టినారప్పా. అద్దం ముక్కకే అంత విలవుంటే, మనం తెలివిమాలినోళ్ళమా?"

ఆయన భార్య సుంకులమ్మ ఒకసారి సంతకు వచ్చి, నా ముందరే ఆయన్ను నిలదీసింది. "గొర్రెకు చేపిస్తివి, బండికి చేపిస్తివి, రేకులింటికి చేపిస్తివి. ముప్పై ఏండ్లుగా నీకు సంగటి చేసి పెడతా ఉండా, నాకు ఏం చేపిస్తివి?"

ఈరయ్య నిజంగా ఆలోచించాడు. "నువ్వు యాడికీ పోవు కదే," అన్నాడు.

ఆ మాటకు సుంకులమ్మ మూడు రోజులు పుట్టింట్లో ఉండి వచ్చింది. యాడికీ పోదట!

ఇలాంటి మనిషికి ఒక్కడే కొడుకు, శివరాజు. పలకలు కడిగే ట్రాక్టరు తోలుతాడు. ట్రాక్టరు చప్పుడులో పెరిగాడో ఏమో, నోట్లో నాలుక లేదు. నాన్న ముందు కుక్కిన పేను. వాడికి రాయచెర్లు పిల్ల నేత్రావతితో సంబంధం కుదిరింది. బెంగుళూరు అవతల సెల్‌ఫోన్లు చేసే ఫ్యాక్టరీలో పని, ఇంకో ముగ్గురు ఆడపిల్లలతో పీజీలో గది. నిశ్చితార్థం నాడు శివరాజు ఆమె వేలికి ఉంగరం తొడిగాడు. సన్నంగా చేయించండి, రోజూ పనికి పోయే పిల్ల అని సుంకులమ్మ ఎంత చెప్పినా ఈరయ్య వినలేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. "దూరం నించి సూసినా కనపడాల," అని నడుమ ఎర్రరాయితో బండగా చేయించాడు. పెళ్ళి ఏడు నెలల తర్వాత పెట్టుకున్నారు. పిల్ల ఉంగరంతో సహా బెంగుళూరు పోయింది.

పోయిన నాలుగో రోజు వీడియో కాల్ వచ్చింది. పిల్ల నవ్వుతూ అందరికీ చెయ్యి ఊపింది. ఈరయ్య పిల్ల మొహం చూడలేదు, చెయ్యి చూశాడు. వేలు బోడిగా ఉంది.

"ఉంగరమేదమ్మా?"

"లోపలికి ఇనుము గినుము ఏదీ తీసకపోకూడదు మామా. కమ్మలూ తీసేయాల్సిందే. లాకర్లో పెట్టి పోతాం, బయటికి వచ్చి ఏసుకుంటాం."

"ఎవురి లాకరు?"

"ఫ్యాక్టరీది."

ఈరయ్యకు ఆ రాత్రి నిద్ర లేదట. పొద్దున ఎనిమిదింటికి నేను తాళం తీస్తుంటే మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"జలజమ్మా, కోడలి ఉంగరానికి బిళ్ళ ఏయల్ల."

"ఉంగరానికి బిళ్ళ ఉండదు ఈరయ్యన్నా. నగల పాలసీ ఉంది. దొంగలెత్తుకుపోయినా, ఎక్కడైనా పడిపోయినా వర్తిస్తుంది. కానీ ఆ వస్తువు ఎవరిదో వాళ్ళ పేరుతోనే చేయాలి. ఎక్కడుంటుందో ఆ అడ్రసు రాయాలి."

"నాదే. నా పేరుతో రాయి. వల్లూరు అడ్రసు."

"మీరు ఆ పిల్లకు ఇచ్చేశారు కదా?"

"ఏలికి పెట్టినాం," అన్నాడు ఈరయ్య. "ఇయ్యలా."

నేను పెన్ను కింద పెట్టాను. పెట్టడానికీ ఇవ్వడానికీ మధ్య ఇంత దూరం ఉందని నాకు ఆ రోజే తెలిసింది. నిశ్చితార్థంలో ఇంతమంది ముందు అక్షింతలు వేయించుకుని, ఫోటోలు దిగి, పాయసం తాగి, లోపల ఈయన లెక్క ఇది!

"సరే, పెళ్ళయ్యాక?"

"పెండ్లి అయితే ఆ పిల్లా మాదే, ఉంగరమూ మాదే."

"మరి ఆ పిల్లది ఎప్పుడవుతుంది?"

ఈరయ్య కాసేపు ఫ్యాను వంక చూశాడు. "ఆ మాట ఇంతవరకూ ఎవురూ అడగలా," అన్నాడు.

పెళ్ళి నగలు ఇస్తున్నట్టు రాసి సంతకం పెట్టే కాగితం ఒకటుంది, అది పెడితే ఆ పిల్ల పేరుతో పాలసీ చేసేస్తాను, ఉంగరం కొన్న బిల్లు మీ పేరుతో ఉంది కాబట్టి ఆ సంతకం మీరే పెట్టాలి, శివరాజు పెడితే చెల్లదు అని విడమరిచి చెప్పాను. ఆలోచించుకుని రమ్మన్నాను. వచ్చేటప్పుడు ఉంగరం ఫోటో ఒకటి తెమ్మన్నాను. అదీ నేను చేసిన పాపం. నేను చెప్పిన వంద మాటల్లో ఈరయ్య చెవికెక్కింది ఆ ఒక్కటే, ఫోటో.

ఇరవై రోజుల తర్వాత ఒక కవరు తెచ్చి నా బల్ల మీద బోర్లించాడు. కట్టలు కట్టలుగా ఫోటోలు. అన్నిట్లోనూ నేత్రావతి. ఎదురుగా, ఎడమ నుంచి, కుడి నుంచి. ప్రతి దాంట్లోనూ చెయ్యి బుగ్గ పక్కకు తెచ్చి, ఉంగరం కనపడేటట్టు.

"దినామూ తీపిస్తా ఉండా," అన్నాడు గర్వంగా. "మనిషీ, నంబరూ రెండూ కనపడాల కదా. నంబరు లేదు కాబట్టి ఎర్రరాయి సూపించమన్నా. రేపు పోయిందంటే, నిన్నటి దాకా ఉన్నట్టు రుజువుండాల."

అయ్యో రామా! పెళ్ళి కావలసిన పిల్లను గొర్రెను నిలబెట్టినట్టు మూడు వైపులా తిప్పి ఫోటోలు తీయించాడు మహానుభావుడు. చెవి కొయ్యడం ఒక్కటే తక్కువ. తిట్టడానికి నోరు తెరిచాను గానీ ఫోటోలు చూసి ఆగిపోయాను. ఒకదాంట్లో కట్టిన చీర ఇంకోదాంట్లో లేదు. ఒకరోజు మల్లెపూలు, ఒకరోజు కళ్ళకు కాటుక, ఒకరోజు పీజీ మిద్దె మీద సాయంత్రం ఎండలో నిలబడి నవ్వుతోంది. పద్దెనిమిదేళ్ళలో కొన్ని వేల ఫోటోలు ఫారాలకు అంటించాను. ఇన్సూరెన్సు కోసం ఇట్లా నవ్వినవాళ్ళను నేను చూడలేదు.

"ఈ ఫోటోలు ఎందుకని ఆ పిల్లకు చెప్పారా?"

"శివరాజుతో అడగమన్నా. వాడు అడిగినాడు, ఆయమ్మ పంపిస్తా ఉండాది. ఏం చెప్పినాడో నాకేం తెల్సు?"

ఏమీ చెప్పి ఉండడు. "ఈ పొద్దు ఫోటో పంపు" అని మాత్రం అని ఉంటాడు. దూరాన ఉన్న పిల్ల, కాబోయే మొగుడు దినామూ ఫోటో అడుగుతుంటే ఏమనుకుంటుంది? ఏ పిల్లయినా ఏమనుకుంటుందో అదే అనుకుంది.

తెలిసి కూడా నేను నోరు కట్టుకోలేకపోయాను. పాలసీకి ఆధార్ నంబరు కావాలని ఆ పిల్లకు ఫోన్ చేసి, పనిలో పనిగా, "అమ్మా, ఫోటో ఒకటి చాలు. రోజూ పంపే పని లేదు," అన్నాను. మంచి చేస్తున్నాననుకున్నాను. నాలాంటి మంచివాళ్ళ వల్లే సగం పెళ్ళిళ్ళు ఆగిపోతాయి.

 "ఆ ఫోటోలు మీకా అక్కా?" అంది. ఇక దాచలేక గొర్రెల బిళ్ళల నుంచి రాసిచ్చే కాగితం దాకా అంతా చెప్పేశాను.

ఆదివారం పొద్దున బస్సుకు వచ్చింది. వల్లూరూ పోలేదు, రాయచెర్లూ పోలేదు, తిన్నగా మా కొట్టుకు వచ్చింది. ఈరయ్యను, శివరాజును రమ్మని తనే ఫోన్ చేసిందట. వాళ్ళు వచ్చేదాకా నీళ్ళు కూడా తాగకుండా బల్ల ముందు కూర్చుంది. పొట్టి మనిషి, పెద్ద కళ్ళు. మా ఆయన పైపుల లెక్క చూసుకుంటానని వెనక గదిలోకి పోయాడు. మగవాళ్ళకు ఇలాంటప్పుడే పనులు గుర్తొస్తాయి.

వాళ్ళు రాగానే ఉంగరం తీసి బల్ల మీద పెట్టింది. ముందు శివరాజు వైపు తిరిగింది.

"ఫోటోలు ఎవరు అడిగినారు?"

శివరాజు నాన్న వంక చూశాడు. తర్వాత చెప్పుల వంక.

"నన్ను సూసి చెప్పు."

"నాయన అడగమన్నాడు," అన్నాడు వాడు.  "మొదట నాలుగు దినాలు నాయన అడగమంటే అడిగినా. నువ్వు మల్లెపూలు పెట్టుకొని పంపినావే, ఆ పొద్దు నించి… నాయన వద్దన్న దినం కూడా నేనే అడిగినా."

"వద్దన్న దినమేంది?"

"ఆదివారం డ్యూటీ లేదు కదా, ఉంగరం ఏలికే ఉంటాది, ఫోటో అవసరం లేదన్నాడు. ఆదివారాలు అడిగింది నేను."

పిల్ల పెదవి కొంచెం వణికింది. నవ్వో ఏడుపో నేను కనిపెట్టేలోపలే సర్దుకుంది. "అది మన ఇద్దరిదీ. తర్వాత మాట్లాడుకుందాం," అని ఈరయ్య వైపు తిరిగింది.

"మామా, ఈ ఉంగరం ఎవరిది?"

ఈరయ్య నా వంక చూశాడు, నేనేదో కంపెనీ రూలు చెప్పి కాపాడతానన్నట్టు. నేను ఫ్యాను వంక చూశాను. ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

"నాదయితే రాసియ్యి. నీదయితే జేబులో పెట్టుకో. నీ వస్తువుకు నేను కాపలా కాయను. ఆ పని ఇష్టముంటే నేనూ ఈడనే ఉంటి, సోలార్ గేటు కాడ నన్నూ తీసుకొనుందురు. నేను గొర్రెనూ కాదు, పలకనూ కాదు. రాసియ్యకపోతే ఇప్పుడే రాయచెర్లు పోయి, ఈ పెండ్లి వద్దని మా ఇంట్లో చెప్తా."

శివరాజు గోడ దాకా వెనక్కి జరిగాడు. నేను గబగబా సొరుగు లాగి వివరాలు ముందే నింపి పెట్టిన, ఇచ్చినట్టు రాసే కాగితం తీసి, అలవాటుగా కింద పెన్సిలుతో ఇంటూ గుర్తు పెట్టి, "ఇక్కడ పెట్టండి ఈరయ్యన్నా, ఒక్క సంతకం, అయిపోతుంది," అన్నాను.

ఈరయ్య పెన్ను తీసుకున్నాడు. గుర్తు దాకా వచ్చి చెయ్యి ఆగిపోయింది. మొండితనం అనుకుని కసురుకోబోయాను. చూస్తే ఆయన కళ్ళు ఆ పెన్సిలు గుర్తు మీదే ఉన్నాయి.

"ఇట్లే గుర్తు పెట్టిచ్చినారు ఆ పొద్దు కూడా," అన్నాడు.

"ఏ పొద్దు?"

"సోలారోళ్ళకు చేను బాడిగకిచ్చిన పొద్దు. ఊర్లో షామియానా ఏసి, కుర్చీలేసి, మజ్జిగ పోసి. ఇంత లావు కాగితాలు. ఎవురూ మోసం చేయలా జలజమ్మా, అబద్ధమెందుకు. బాడిగ ఇస్తానే ఉండారు. నేనే చదివియ్యమని అడగలా. అందరూ పెడతా ఉంటే యాడ ఎనకబడతానో అని తోసుకొని పోయి పెడ్తి. ఇరవై ఎనిమిదేండ్లని ఇంటికి వచ్చినాక ఎవురో చెప్పినారు. అప్పటికి నేనుంటానా?"

పెన్ను చేతిలోనే తిప్పుతూ ఈరయ్యే మళ్ళీ అందుకున్నాడు.

"నేను కాపలా కాసేది ఇంకొకరి చేను. నాది అవతల బ్లాకులో ఉండాది. ఆడ ఇంకెవురో కూర్చోనుంటాడు స్టూలేసుకొని. లోపలికి పోవల్లంటే పాసు కావాల. ఒకతూరి పాసు తీసుకొనే పోతి. మా నాయన తవ్విన బాయి యాడుండెనో, కానగ చెట్టు యాడుండెనో, గెనిమ గట్టు యాడుండెనో, గుర్తు పట్టలేకపోతి. అన్నీ పలకలే. నాదే అంటారు. పహణీ కాగితంలో నా పేరే ఉండాది. కండ్లకు కనపడేది ఒక్కటీ లేదు." పెన్ను బల్ల మీద పెట్టేశాడు. "నా సొమ్ము ఇంకోసోట ఉంటే నాకు నిద్ర పట్టదు తల్లీ. నిన్ను గొర్రె అనుకొని కాదు."

ఆ మనిషి కళ్ళలో నీళ్ళు చూసి నాకు చచ్చేంత సిగ్గేసింది. నాలుగేళ్ళుగా ఈయన్ను చూసి నవ్వుకుంటున్నాను. మిక్సీకి బీమా అడిగాడని ఇంట్లో పిల్లలకు కథలు కథలుగా చెప్పాను.

నేత్రావతి కుర్చీ ఆయన పక్కకు లాక్కుని, కాగితం తన ముందుకు జరుపుకుంది. అది ఇంగ్లీషులో ఉంది. మొదటి వరుస మీద వేలు పెట్టి, చదివి, తెలుగులో చెప్పింది. రెండో వరుస. మూడో వరుస. ఈరయ్య పేరు, తండ్రి పేరు, ఊరు. ఉంగరం బరువు, రాయి రంగు. మధ్య మధ్య, "అర్థమైందా మామా?" అని ఆగుతోంది. ఆయన తల ఊపితేనే ముందుకు పోతోంది. ఆరో వరుస దగ్గర తనే ఒక్క క్షణం ఆగింది.

"పెండ్లి జరిగినా, జరగకపోయినా, ఈ వస్తువును నేను గానీ నా ఇంటివాళ్ళు గానీ తిరిగి అడగము," అని చదివింది.

ఆ వాక్యం ఆ కాగితంలో ఉందని నాకు తెలియదు. ఎన్నో ఏళ్ళుగా ఆ కాగితం మీద గుర్తులు పెట్టి జనం చేత సంతకాలు చేయిస్తున్నదాన్ని. ఆ పిల్ల దాన్ని దాటేసి పోయి ఉంటే అడిగే దిక్కు లేదు.

"ఆ మాట ఉండాదా దాంట్లో?" అన్నాడు ఈరయ్య.

"ఉండాది మామా. మళ్ళా చదువుతా విను." మళ్ళీ చదివింది, ఇంకా నిదానంగా. "నచ్చకపోతే పెట్టొద్దు. నేను కోపం చేసుకోను. ఉంగరం నువ్వు తీసకపో."

"పెట్టకపోతే పెండ్లి?"

"అది ముందే చెప్పినా కదా."

శివరాజు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.  ఈరయ్య ఉంగరాన్ని చూశాడు, కాగితాన్ని చూశాడు. తర్వాత, ఆ సంబంధం కుదిరాక మొదటిసారేమో, ఆ పిల్ల మొహం చూశాడు. చాలాసేపు చూశాడు. పెన్ను తీసుకుని, ఒక్కో అక్షరమూ విడివిడిగా, ఎక్కడా తొందర లేకుండా సంతకం పెట్టాడు.

ఆ పిల్ల ఉంగరం తీసి తొడుక్కుంది.

"ఆ పొద్దు నువ్వు యాడుంటివి తల్లీ?" అన్నాడు ఈరయ్య.

"ఎప్పుడు మామా?"

"షామియానా ఏసిన పొద్దు."

"ఎనిమిదో క్లాసు చదువుతా ఉంటి," అంది నేత్రావతి. "మా ఊర్లోనూ ఏసినారు. మా నాయన వరసలో అందరికంటే ముందర నిలబడె."

ఈరయ్య తల ఊపాడు. కాగితం మడిచి, నాకు ఇవ్వకుండా, ఆమె చేతికి ఇచ్చాడు.